నాలుగు రోజుల కిందటే చేశాం కదా, మళ్ళీ డ్రిల్ ఎందుకు?

ఒడిశా బరంపురం నుంచి ఒకావిడ చాలా పెద్ద ఉత్తరం రాశారు, పేరు వెయ్యొద్దన్నారు, ఊరి పేరు పర్లేదన్నారు. ఆవిడకి 61, భర్త బ్యాంకులో 34 ఏళ్ళు చేసి రిటైరయ్యారు, కొడుకూ కోడలూ ఐదేళ్ళ మనవడూ సింగపూర్‌లో ఉంటారు. పోయినేడాది కొడుకు వీళ్ళిద్దరినీ పిలిపించుకుని ఒకే షిప్పులో వెనకవెనకే రెండు క్రూయిజ్ ట్రిప్పులు బుక్ చేశాడు. మొదటిది నాలుగు రాత్రులు, సింగపూర్ తిరిగొచ్చిన రోజు సాయంత్రమే మళ్ళీ అదే షిప్పు, అదే క్యాబిన్, ఇంకో మూడు రాత్రులు.

మొదటి రోజు బయల్దేరే ముందు సేఫ్టీ డ్రిల్, అంటే ప్రమాదమొస్తే ఏం చెయ్యాలో ముందే చేసి చూసుకోవడం, అన్నారు, అందరూ వెళ్ళారు, డెక్ మీద ఎండలో ముప్పావుగంట నిలబెట్టారట. రెండో ట్రిప్ మొదలయ్యే రోజు మళ్ళీ డ్రిల్ అనేసరికి ఆయనకి కోపమొచ్చింది, "నాలుగు రోజుల కిందటే చేశాం కదా, షిప్పేమైనా మారిందా నేనేమైనా మారానా" అని క్యాబిన్‌లోనే పడుకుండిపోయారు. అక్కడేమో అందరినీ నిలబెట్టి మైకులో ఆ క్యాబిన్ నంబర్ రెండుసార్లు చదివారు, తర్వాత స్టాఫ్ ఒకతను వెళ్ళి తలుపు కొట్టి తీసుకొచ్చాడు. ఆయన వస్తుంటే కోడలు అందరి ముందూ "మీ ఒక్కరి కోసం ఇంతమందీ నిలబడ్డాం మావయ్యగారూ" అనేసింది. అంతే, మిగిలిన మూడు రోజులూ ఆయన వాళ్ళతో కలిసి భోజనానికి కూర్చోలేదు, ఇప్పటికీ వీడియో కాల్‌లో కోడలు కనిపిస్తే "బాగున్నావా అమ్మా" అని ఫోన్ భార్య చేతికిచ్చేసి వెళ్ళిపోతున్నారట.

ఈ డిసెంబర్‌కి కొడుకు మళ్ళీ అలాంటివే రెండు ట్రిప్పులు బుక్ చేశాడు, ఈసారి ఆవిడ అత్తగారు కూడా వస్తానంటున్నారు. 84 ఏళ్ళు, ఎడమ చెవి అసలు వినపడదు, కుడి చెవి దగ్గర గట్టిగా చెప్తే వినపడుతుంది, మోకాళ్ళ నొప్పులు. అత్తగారి నాన్నగారు గోపాల్‌పూర్‌లో షిప్పెక్కి రంగం, అదే రంగూన్, వెళ్ళొచ్చిన మనిషి, చిన్నప్పటి నుంచీ ఆ కబుర్లు విని పెరిగారు, "మా నాన్న ఎక్కిన సముద్రం నేనూ ఒకసారి ఎక్కుతాను" అని ఒకటే పట్టు. భర్తేమో "రెండో డ్రిల్ ఉందంటే నేను రాను, మీరే వెళ్ళండి" అని తేల్చేశారు. కొడుకు ఫోన్ చేసి నువ్వే నచ్చజెప్పమ్మా అంటున్నాడు. "మా ఆయన మొండివాడు కాదండి, ఫైలిన్ తుఫాను వచ్చిన రోజు కిటికీలు, తలుపులు మూడేసిసార్లు చూసుకున్న మనిషి, టార్చిలో బ్యాటరీలు కూడా మార్చి పెట్టారు, అలాంటాయన దీనికెందుకు ఇంత పట్టుదలకి పోతున్నారో తెలీట్లేదు. అసలు రూలు నిజంగా రెండుసార్లు చెయ్యమంటుందా, ఆయనది తప్పా, నేనిప్పుడు ఎవరి వైపు మాట్లాడాలి" అని అడిగారు.

ఉత్తరం ఆఖర్న, సంతకం అయిపోయాక, కింద ఇంకో నాలుగు లైన్లున్నాయి. "ఒకటి ఎవరికీ చెప్పలేదు. మొదటి డ్రిల్‌లో ఆ అమ్మాయి ఇంగ్లీషులో గబగబా ఏదో చెప్పింది, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థమైందా అంటే అందరితోపాటు నేనూ తలూపేశాను. రెండోసారి విందాం అనుకుంటే ఈయన గొడవలో ఏమీ చెవికెక్కలేదు. ఆ ఏడు రాత్రులూ పడుకునే ముందు అల్మారా తెరిచి లైఫ్ జాకెట్లు ఉన్నాయో లేదో చూసుకున్నాను, ఎలా వేసుకోవాలో మాత్రం తెలీదు."

అక్కా, మీరు నాకంటే పెద్దవారు కాబట్టి అక్కా అనే పిలుస్తాను. నాలుగు పేజీలు మీ ఆయన గురించి, కోడలి గురించి రాసి మీ గురించి నాలుగు లైన్లు రాశారు, అదీ సంతకం కింద. నాకు మాత్రం ఆ నాలుగు లైన్లే అసలు ఉత్తరం. దానికి తప్పకుండా వస్తాను, ముందు మీరడిగిన రూలు సంగతి చెప్తాను, ఎందుకంటే అది తెలిస్తే మీ ఆయనతో మాట్లాడటం తేలికవుతుంది. నాదీ ఈ వైపే, పర్లాకిమిడి, మా తమ్ముడు ప్యాసింజర్ షిప్పుల్లో పదకొండేళ్ళు చేశాడు కాబట్టి ఈ డ్రిల్ కబుర్లు మా ఇంట్లో బాగానే నడిచేవి.

మీ ఆయన అన్నదాంట్లో పాయింటు ఉంది, అది ముందు ఒప్పుకోవాలి. దేశాల మధ్య తిరిగే ప్రయాణికుల షిప్పులకి సోలాస్ అని, సముద్రం మీద ప్రాణరక్షణ కోసం, ఒక అంతర్జాతీయ ఒప్పందం ఉంది, దాంట్లో మూడో అధ్యాయం 19వ నిబంధన ఈ డ్రిల్ గురించే. ప్రయాణికులు 24 గంటలకి మించి ఉండే షిప్పులో, కొత్తగా ఎక్కిన ప్రయాణికులందరికీ షిప్పు బయల్దేరకముందు గానీ బయల్దేరిన వెంటనే గానీ డ్రిల్ జరిపి తీరాలి అని ఉంటుంది. "కొత్తగా ఎక్కిన" అనే మాట చూశారా, తగువంతా అక్కడే. మీ ఆయన నాలుగు రోజులుగా అదే క్యాబిన్‌లో ఉన్న మనిషి, ఆయన లెక్కలో ఆయన కొత్తగా ఎక్కలేదు. షిప్పు వాళ్ళ లెక్కలో మొదటి ట్రిప్ అయిపోయింది, రెండో ట్రిప్‌కి వేరే బుకింగ్ నంబర్, మామూలుగా షిప్పులో చూపించే కార్డు కూడా కొత్తది ఇస్తారు, ఆ కొత్త కార్డు మీద డ్రిల్‌కి వచ్చినట్టు టిక్ పడలేదు. ఆయన బ్యాంకు మనిషి కదా, ఆయన భాషలోనే చెప్పండి, మనిషి పాత కస్టమరే, అకౌంటు మాత్రం కొత్తది.

అందుకే కంపెనీలు కూడా ఒక్కలా చెయ్యవు. కొన్ని షిప్పుల్లో వెనకవెనకే రెండు ట్రిప్పులు చేసేవాళ్ళని రెండోసారి వదిలేస్తారు, కొన్నిట్లో ఎన్నిసార్లు చేసినా ప్రతి ట్రిప్‌కీ రావాల్సిందే, ఇంకొన్నిట్లో మీ స్టేషన్, అంటే ప్రమాదమొస్తే మీరు చేరాల్సిన చోటు, దాని దగ్గరకొచ్చి కార్డు స్కాన్ చేయించుకుంటే చాలు అంటారు. పోయినేడాది మీ షిప్పులో రమ్మన్నారంటే అక్కడ పద్ధతి అది, దాన్ని ఆ రోజు డెక్ మీద నిలబడి మార్చడం ఎవరి వల్లా కాదు, కెప్టెన్ మాటే ఆఖరి మాట, రాము అని భీష్మించుకున్నవాళ్ళని షిప్పు దింపేసిన సందర్భాలూ ఉన్నాయి. అంటే ఈ తగువు మీ ఆయనకీ కోడలికీ మధ్య ఎప్పుడూ లేదు, ఆయనకీ ఒక రిజిస్టర్‌కీ మధ్య. కోడలు మధ్యలో దూరింది అంతే.

ఈ బయల్దేరే ముందే అనే రూలు ఎప్పటిదో తెలుసా అక్కా, 2015 జనవరి 1 నుంచి. అంతకుముందు ఎక్కిన 24 గంటల్లోపు ఎప్పుడు చేసినా సరిపోయేది. 2012 జనవరి 13 రాత్రి ఇటలీలో జిలియో అనే చిన్న దీవి దగ్గర కోస్టా కాంకోర్డియా అనే షిప్పు రాయికి గుద్దుకుంది, లోపల 4,200 మందికి పైగా ఉన్నారు, చాలామంది రాత్రి భోజనాల దగ్గరున్నారు. ఆ సాయంత్రమే చివితావెక్కియా రేవులో కొన్ని వందలమంది కొత్తగా ఎక్కారు, వాళ్ళ డ్రిల్ మర్నాటికి పెట్టుకున్నారు, రూలు ప్రకారం అది తప్పు కూడా కాదు. ఎటు వెళ్ళాలో తెలీకుండానే ఆ రాత్రి వాళ్ళ మీద పడింది. మొత్తం 32 మంది పోయారు. పోయినవాళ్ళందరూ డ్రిల్ లేకనే పోయారని నేను అనను, కెప్టెన్ తప్పులే పెద్దవి. కానీ మర్నాడు చేద్దాంలే అన్న మాట ఎంత ప్రమాదమో ఆ రాత్రితో అందరికీ తెలిసొచ్చింది, రూలు మారింది.

మీ ఆయన అడగొచ్చు, అది డ్రిల్ చెయ్యనివాళ్ళ కథ, నేను చేశాను కదా అని. నిజమే. దానికి నా దగ్గరున్న సమాధానం మనవైపుదే. గోపాల్‌పూర్ దగ్గర వెంకట్రాయ్‌పూర్ ఉంది కదా, బక్సిపల్లి వైపు, మన తెలుగు మాట్లాడే నోలియాల, అంటే చేపలు పట్టేవాళ్ళ, ఊరు. 2020 ఆగస్టులో యునెస్కో వాళ్ళు సునామీకి సిద్ధంగా ఉన్న ఊరని దానికి గుర్తింపిచ్చారు, జగత్‌సింగ్‌పూర్ జిల్లా నోలియాసాహికీ అప్పుడే ఇచ్చారు, మన దేశంలో మొదట ఆ రెండు ఊళ్ళకే వచ్చింది. పుట్టిన దగ్గర్నుంచి సముద్రం మీద బతికే మనుషులు వాళ్ళు, వాళ్ళకి ఎవరు నేర్పాలి సముద్రం గురించి? అయినా ఏ సందులోంచి పరుగెత్తాలి, ముసలమ్మని ఎవరు ఎత్తుకోవాలి అని డ్రిల్ చేశారు, ఒకసారి చేసి ఊరుకుంటే ఆ గుర్తింపు నిలవదు, మళ్ళీ మళ్ళీ చెయ్యాలి. షిప్పులో అయితే సిబ్బందే ప్రతి వారం చెయ్యాలి, అగ్నిప్రమాదం డ్రిల్, షిప్పు వదిలేసే డ్రిల్ రెండూ. అక్కడే తిని అక్కడే పడుకునేవాళ్ళు వారానికోసారి చేస్తుంటే మనం ఏడు రాత్రుల్లో రెండుసార్లు చెయ్యడం అంత ఎక్కువేం కాదని నా అభిప్రాయం. ఫైలిన్ రోజు ఆయన కిటికీలు మూడుసార్లు చూసుకున్నారన్నారే, మొదటిసారి వేసిన గొళ్ళెం ఊడిపోయిందనా చూశారు? కాదు కదా.

ఇంకో విషయం మా తమ్ముడు చెప్పేవాడు. ట్రిప్ మారే రోజు షిప్పు అలాగే ఉన్నట్టు కనిపిస్తుంది గానీ లోపల చాలా మారుతుంది, పొద్దున్న వేలమంది దిగిపోతారు, మధ్యాహ్నానికి వేలమంది ఎక్కుతారు, సిబ్బందిలోనూ కొంతమంది కాంట్రాక్టు అయిపోయి దిగిపోతారు, కొత్తవాళ్ళు వస్తారు. మొన్న మీ స్టేషన్ దగ్గర నిలబడి మీ మొహం చూసిన మనిషి ఇవాళ ఉండకపోవచ్చు. నిజంగా అలారం మోగితే అక్కడున్నవాళ్ళు లిస్టు పట్టుకుని లెక్కపెడతారు, ఎవరు రాలేదో చూసి వాళ్ళ కోసం మనిషిని పంపిస్తారు. ఆ లెక్క ఒకసారి అందరితో కలిసి వేసుకోవడం కూడా డ్రిల్‌లో భాగమే.

ఇక కోపం సంగతి. నాకనిపించేది చెప్తాను, మీకు సరికాదనిపిస్తే వదిలెయ్యండి. మీ ఆయన్ని బాధపెట్టింది డ్రిల్ కాదు. 34 ఏళ్ళు ఒక్క రోజు లేటు కాకుండా బ్యాంకుకి వెళ్ళిన మనిషిని మైకులో నంబర్ చదివి, తలుపు కొట్టి, బడి ఎగ్గొట్టిన పిల్లాడిలా తీసుకొచ్చి నిలబెట్టారు, ఆపైన కోడలు నలుగురిలో ఆ మాట అంది. ఆ అమ్మాయి పక్కన చిన్న పిల్లాడితో ఎండలో నిలబడి విసిగిపోయి అని ఉంటుంది, ఆమె అన్న మాట అబద్ధం కాదు, అన్న చోటు మంచిది కాదు. ఇప్పుడాయన "డ్రిల్ ఉంటే రాను" అంటే నాకు వినిపించేది "మళ్ళీ అలా జరిగితే నేను తట్టుకోలేను" అని. ఈ రెండూ విడదియ్యకుండా మీరు రూలు గురించి ఎంత వాదించినా ఆయన మెత్తబడరు. కోడలితో ఒక్కసారి మీరు విడిగా మాట్లాడండి, తప్పు పట్టడానికి కాదు, "ఆ రోజు మాట ఆయన మనసులో ఉండిపోయిందమ్మా, నువ్వే ఒకసారి ఫోన్ చెయ్యి" అనండి. చేస్తే మంచిది. చెయ్యకపోతే బలవంతపెట్టకండి, బలవంతం మీద చెప్పిన సారీ ఆయన ఇట్టే పసిగట్టేస్తారు, అప్పుడు ఇంకా దూరమవుతారు.

ఇప్పుడు మీ ముందు ఏ దారులున్నాయో చూద్దాం. అన్నిటికంటే ముందు కొడుకుతో చెప్పి బుక్ చేసిన ఏజెంటుకో కంపెనీకో మెయిల్ పెట్టించండి, వెనకవెనకే రెండు ట్రిప్పులు చేసేవాళ్ళు రెండో డ్రిల్‌కి రావాలా అక్కర్లేదా, డ్రిల్ ఎలా జరుగుతుంది, క్యాబిన్ మారితే స్టేషన్ మారుతుందా, ఇవి రాతలో జవాబు తెప్పించుకోమనండి. ఫోన్లో ఎవరో "ఏం పర్లేదండి" అన్నది షిప్పులో చెల్లదు. ఇది ఎందుకంటున్నానంటే 2020 తర్వాత చాలా షిప్పుల్లో ఆ ముప్పావుగంట నిలబెట్టే పద్ధతి పోయింది, క్యాబిన్ టీవీలోనో ఫోన్ యాప్‌లోనో వీడియో చూసి, మీకు వీలైన టైములో స్టేషన్ దగ్గరకెళ్ళి కార్డు చూపించి వచ్చెయ్యడమే, పది నిమిషాల పని. ఈసారి షిప్పులో అలా ఉంటే మీ ఇంట్లో సగం గొడవ అక్కడితో పోతుంది. ఒకవేళ అక్కర్లేదని రాతలో వస్తే ఆయన హాయిగా క్యాబిన్‌లో ఉండొచ్చు, ఎవరూ ఏమీ అనడానికి లేదు, కానీ అప్పుడు మీరు కూడా ఆయనతోపాటు ఆగిపోకండి, అది మీకు నష్టం, ఎందుకో కింద చెప్తాను.

రావాల్సిందే అని జవాబొస్తే, ఆయనకి ఇప్పుడే, ఇంట్లో ఉండగానే తెలియాలి. షిప్పెక్కాక చెప్తే అది మళ్ళీ నలుగురిలో పంచాయితీ అవుతుంది. అప్పుడాయనకి మూడు దారులు. ఒకటి రెండోసారీ రావడం. రెండోది, ఆ రెండు ట్రిప్పులు క్యాన్సిల్ చేసి ఏడు రాత్రులదే ఒక్క ట్రిప్ చూసుకోవడం, ఒకే ట్రిప్ అయితే డ్రిల్ ఒక్కటే, అయితే క్యాన్సిల్ చేస్తే ఎంత పోతుందో, కొడుక్కి సెలవు కుదురుతుందో లేదో చూసుకోవాలి, డిసెంబర్‌లో మీకు కావాల్సిన తేదీలకి దొరక్కపోవచ్చు కూడా. మూడోది ఆయన మొదటి ట్రిప్ వరకే వచ్చి, సింగపూర్‌లో దిగి కొడుకు ఇంట్లో ఉండటం, మీరంతా రెండోదానికి వెళ్ళడం. ఇది వినడానికి తేలిగ్గా ఉంటుంది, గొడవ ఉండదు, కానీ ఆ డబ్బు వెనక్కొస్తుందని ఆశపెట్టుకోకండి, పైగా మీ అత్తగారి చేతికర్ర ఆయనే కదా, మూడు రాత్రులు ఆవిడ బాధ్యతంతా మీ మీదా కోడలి మీదా పడుతుంది. ఆయన కూడా ఖాళీ ఫ్లాట్‌లో ఒక్కరే కూర్చుని ఏమాలోచిస్తారో మీకే బాగా తెలుసు. అసలు ఎక్కేదాకా ఏమీ అనకుండా, అప్పుడు చూసుకుందాంలే అనుకోవడం కూడా ఒక దారే, చాలా ఇళ్ళల్లో అదే జరుగుతుంది, నాకు మాత్రం అది అన్నిటికంటే చెడ్డదనిపిస్తుంది.

ఇక మీ నాలుగు లైన్లు.

అక్కా, అర్థం కాకుండా తలూపినందుకు సిగ్గుపడకండి. ఆ డెక్ మీద తలూపినవాళ్ళలో మీలాంటివాళ్ళు ఇంకా ఎంతమందో ఉంటారు. సోలాస్‌లోనే ఉంది, ఈ సూచనలు ప్రయాణికులకి అర్థమయ్యే అవకాశమున్న భాషలో, ఒకటి గానీ అంతకంటే ఎక్కువ గానీ భాషల్లో చెప్పాలని. తెలుగులో చెప్తారని నేను మాటివ్వలేను, కానీ ఆ షిప్పుల్లో మనదేశం వాళ్ళు చాలామంది పనిచేస్తారు, హిందీ వచ్చిన మనిషి దాదాపు దొరుకుతాడు, రిసెప్షన్‌లో అడిగి ఒక్క ఐదు నిమిషాలు నిదానంగా చెప్పించుకోండి. టీవీలో వీడియో అయితే ఇంకా మంచిది, కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని ఆపి ఆపి చెప్పించుకోవచ్చు.

అప్పటిదాకా ఆగక్కర్లేకుండా ఆ అమ్మాయి గబగబా చెప్పిందేంటో నేనే చెప్తాను. ప్రమాదం అలారం అంటే ఏడు పొట్టి కూతలు, వెంటనే ఒక పొడుగు కూత, షిప్పు హారన్ మీదా లోపల బెల్లుల మీదా రెండిట్లోనూ వస్తుంది, ఏడుకంటే ఎక్కువా ఉండొచ్చు, పొట్టివి వరసగా వచ్చి ఆఖర్న పొడుగుది వచ్చిందంటే అదే. అది వినపడితే లిఫ్ట్ ఎక్కకూడదు, మెట్ల మీదే వెళ్ళాలి. క్యాబిన్‌లో ఉంటే ఒంటిమీద నిండుగా బట్ట, కాళ్ళకి జారని చెప్పులు, రోజూ వేసుకునే మందులు, లైఫ్ జాకెట్ తీసుకుని బయల్దేరాలి, క్యాబిన్‌కి దూరంగా ఉంటే వెనక్కి పరుగెత్తకుండా తిన్నగా స్టేషన్‌కే వెళ్ళాలి, అక్కడ జాకెట్లు ఇస్తారు. కొన్ని కొత్త షిప్పుల్లో జాకెట్లు క్యాబిన్‌లో అసలు పెట్టరు, స్టేషన్ దగ్గరే ఉంచుతారు, అల్మారాలో కనిపించలేదని భయపడకండి. బంగారం, సెల్ ఛార్జర్, సూట్‌కేసు ఏదీ వద్దు. మీ స్టేషన్ ఏదో మీ కార్డు మీద అక్షరమో నంబరో వేసి ఉంటుంది, క్యాబిన్ తలుపు వెనక దారి బొమ్మ ఉంటుంది, స్టేషన్ అంటే డెక్కే కానక్కర్లేదు, డ్రామా హాలో భోజనాల హాలో కూడా అవ్వొచ్చు.

జాకెట్ తలమీంచి వేసుకుని నడుం చుట్టూ బెల్టు తిప్పి ముందు క్లిప్పు పెట్టి బిగించాలి, వదులుగా ఉంటే నీళ్ళల్లో జాకెట్ గడ్డం మీదకి లేచిపోతుంది. మీరు చీర కడతారు కదా, పమిట తిప్పి దోపుకుని దానిమీద వేసుకోండి, పమిట బెల్టులో చిక్కుకోకూడదు, డ్రిల్ రోజు పంజాబీ డ్రెస్సు వేసుకుంటే ఇంకా తేలిక. దానికో చిన్న విజిలూ లైటూ ఉంటాయి, అవి ఎక్కడున్నాయో చేత్తో తడిమి చూసుకోండి. ఇంకొకటి చాలామందికి తెలీదు, అలారం అంటే పడవెక్కడం కాదు. స్టేషన్‌కి వెళ్ళి లెక్క ఇచ్చి కూర్చోవడం వరకే. పడవెక్కమని చెప్పేది కెప్టెన్ ఒక్కడే, అదీ మైకులో నోటితో చెప్తారు. అందరూ జాకెట్లు వేసుకుని చేరాక, వదిలెయ్యమన్న దగ్గర్నుంచి అరగంటలో మనుషులతో సహా పడవలన్నీ నీళ్ళల్లోకి దింపగలిగేలా షిప్పు ఉండాలని రూలు, కాబట్టి తోసుకుని దూకే అవసరం ఎవరికీ రాకూడదు.

ఇదంతా చదివితే తెలుస్తుంది గానీ ఒంటికి రాదు. మొదటి డ్రిల్‌లో చూడండి, రెండో డ్రిల్‌లో మీరే చెయ్యండి, మీ క్యాబిన్ నుంచి స్టేషన్ దాకా ఎవరి వెనకా పడకుండా మీరే ముందు నడవండి. అందుకే అన్నాను, ఆయన్ని వదిలేసినా మీరు ఆగిపోకండి అని. రెండో డ్రిల్ ఇంట్లో ఎవరికి పనికొచ్చినా రాకపోయినా మీకు పనికొస్తుంది.

ఈ మాట మీ ఆయనకి చెప్పండి. రూలు చెప్పకుండా ముందు ఇది చెప్పండి, "నాకు మొదటిసారి ఏమీ అర్థం కాలేదు, ఏడు రాత్రులూ భయపడ్డాను, రెండోసారి మీరు పక్కనుండి తెలుగులో చెప్తే బాగుండు" అని. ఆయన మొదట కసురుకోవచ్చు, "అప్పుడే చెప్పొచ్చు కదా, ఇన్నాళ్ళూ నోట్లో ఏముంది" అనొచ్చు, దానికి సిద్ధంగా ఉండండి, బాధపడి ఆపెయ్యకండి, ఆ కసురు కాస్త తగ్గాక విషయం లోపలికెళ్తుంది. మీరు అబద్ధం చెప్పి ఆయన్ని లాక్కెళ్ళట్లేదు, ఉన్నదే చెప్తున్నారు. పైగా వాళ్ళమ్మకి ఆ మైకులో మాట ఒక్కటీ వినపడదు, ఆవిడ కుడి చెవి దగ్గర నోరు పెట్టి చెప్పగలిగేది ఇంట్లో ఆయనొక్కరే. కిందటిసారి ఆయన్ని పిలిచి నిలబెట్టారు, ఈసారి ఆయన తన పనికి తను వెళ్తారు, ఈ తేడా ఆయనకి చాలా పెద్దది. ఇంతా చెప్పాక కూడా రాను అంటే అప్పుడు వదిలెయ్యండి, పైన చెప్పిన మూడు దారుల్లో ఆయనే ఏరుకుంటారు, మీరూ అత్తగారూ మాత్రం మానుకోవద్దు.

అత్తగారి విషయం బుకింగ్ అప్పుడే చెప్పాలి, ఇది ఆలస్యం చెయ్యకండి. అత్యవసరంలో సాయం కావాలని చెప్పినవాళ్ళ వివరాలు రాసుకుని షిప్పు బయల్దేరేలోగా కెప్టెన్‌కి అందించాలని సోలాస్‌లో ఉంది, 27వ నిబంధన. మనం చెప్తేనే రాసుకుంటారు, మన పెద్దవాళ్ళు "నాకేం, బాగానే ఉన్నాను" అనేస్తారు, ఆ మాట అక్కడ పనికిరాదు. చెవి వినపడదు, మెట్లు దిగలేదు, ఈ రెండూ రాయించండి. చెవి వినపడనివాళ్ళ క్యాబిన్‌లో అలారం మోగితే లైటు వెలిగేలా, మంచం అదిరేలా పరికరం చాలా షిప్పుల్లో ఇస్తారు, ముందే అడిగితేనే ఉంచుతారు. మెట్ల మీంచి కుర్చీలో దింపడానికి మనుషుల్ని పెడతారు. మనవడికి పిల్లల సైజు జాకెట్ క్యాబిన్‌లో లేకపోతే మొదటి రోజే అడిగి తెప్పించండి, వాడు పిల్లల ఆటగదిలో ఉండగా అలారం వస్తే వాణ్ణి ఎవరు ఎక్కడికి తీసుకొస్తారో అది కోడల్ని అడిగి పెట్టుకోమనండి, మీ కోడలికి కూడా ఒక పని ఉంటే మంచిదే.

మెయిల్ ఈ వారంలోనే పెట్టించండి, మిగిలిన డబ్బు కట్టే తేదీ దాటాక జవాబొస్తే మార్చుకోవడం కష్టం. మీ ఆయనతో మాట మాత్రం జవాబు వచ్చేదాకా ఆపక్కర్లేదు, ఇవాళ రాత్రి భోజనాలయ్యాక అయినా చెప్పొచ్చు. అప్పుడు అత్తగారు కూడా అక్కడే ఉంటే ఆవిడ కుడి చెవి దగ్గర ఆ ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత ఆయన్నే చెప్పమనండి.